కణాలకు కొసరి వడ్డించిన వేళ

ఆ కరోనా లాక్‌డౌన్ రోజుల్లో ఐర్లండ్‌లో మనుషుల ముఖాలకంటే మాస్కులే ఎక్కువగా గుర్తుండేవి. నేను కార్క్‌లో పరిశోధన చేస్తూ పిన్నీ బాబాయిల ఇంట్లో ఉండేదాన్ని. బాబాయి ఆసుపత్రిలో డాక్టరు. పిన్ని పని మా ఇద్దరికీ తినిపించడం (జీతం లేదు గానీ, సెలవులూ లేవు). నా పనీ తినిపించడమే, కాకపోతే గాజు గిన్నెల్లోని కణాలకు. రక్తనాళాల గోడల్లోని కణాలు చుట్టూ ఆక్సిజన్ ఎంతున్నా ముందు చక్కెరనే కరిగించుకుని కొత్త కొమ్మలు వేస్తాయి. శోషరస (లింఫ్) నాళాల కణాలు పెరగాలంటే కొవ్వు కూడా కావాలి. ఇదంతా వివరిస్తే పిన్ని, "అంటే వాళ్లకి పాయసం, వీళ్లకి నెయ్యి. ఇంత మాత్రానికి పీహెచ్‌డీ ఎందుకే?" అంది.

లాబ్‌లోకి వంతులవారీగా ఒక్కొక్కరే వెళ్లాలి. ఒకసారి సెలవులు కలిసొచ్చి నా వంతు బాగా వెనక్కి జరిగింది. నా దగ్గర మిగిలినవి ఆ కణాలే. అవి పోతే, విమానాలు ఆగిపోయిన ఆ కాలంలో మళ్లీ తెప్పించుకునే దారి లేదు, నా థీసిస్ అక్కడితో సరి. నేనొచ్చేదాకా పాపం పస్తుంటాయేమోనని రక్తనాళాల కణాల గిన్నెలో ఇంకాస్త, ఇంకాస్త అంటూ చక్కెర కొసరి కొసరి పోసి వచ్చాను. పిన్ని పెంపకం మరి.

భోజనాల దగ్గర ఈ ఘనకార్యం చెప్పగానే బాబాయి చేతిలో ముద్ద ఆగిపోయింది. "షుగరెక్కువైతే రక్తనాళాలు ఏమవుతాయో రోజూ వార్డులో చూస్తున్నానే తల్లీ. నువ్వు వాటికి ఏకంగా షుగర్ జబ్బే తెప్పించావు," అన్నాడు. ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి, బతిమాలి, అనుమతి సంపాదించి కారెక్కాను.

దారిలో గార్డులు (ఇక్కడ పోలీసులను అలాగే అంటారు) ఆపారు. ఎక్కడికని అడిగితే, ఆకలేస్తుందని కణాలకు ఎక్కువ పెట్టేశాననీ, ఇప్పుడు తీసెయ్యాలనీ ఏడుపు గొంతుతో మొత్తం చెప్పేశాను. గార్డు నా కార్డు చూసి, "మా అమ్మా ఇంతే, వద్దన్నా పెడుతుంది. నేను బతికే ఉన్నాగా. మీవీ గ్రాండ్‌గానే ఉంటాయి, వెళ్లండి," అన్నాడు. గ్రాండ్ అంటే ఇక్కడి వాడుకలో ఏ లోటూ లేదు, బాగానే ఉన్నాను అని.

మైక్రోస్కోపులో చూస్తే అంచులు ముడుచుకుని, పెళ్లి భోజనం చేసి వాలిన చుట్టాల్లా పడున్నాయి. కానీ బతికున్నాయి. పాత ద్రవం తీసేసి, మామూలు తిండి పోశాను. మళ్లీ నా వంతు వచ్చేసరికి సన్నటి కొమ్మలు వేస్తున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరూ లేని లాబ్‌లో కుర్చీలో కూలబడి, మాస్కు తడిసేలా నవ్వుతూ ఏడ్చాను.

ఇప్పుడు ఇదే దేశంలో, ఆడమ్స్‌టౌన్‌లోని మా ఇంట్లో మా చంటిది పాయసం గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టి, "ఐ యామ్ గ్రాండ్, అమ్మా," అంటుంది, అచ్చం ఆ గార్డు యాసలో. ఆ కణాలు గుర్తొచ్చి గరిటె వెనక్కి తీసుకుంటాను. అంతలోనే, పాపం దానికి ఆకలేస్తుందేమో అనిపించి, ఇంకాస్త పోస్తాను.