ఆయ్ అన్న పాపానికి

గంగరాజు గురించి చెప్పాలంటే ముందు ఒక మాట గురించి చెప్పాలి. మా కోనసీమలో ‘ఆయ్’ అంటాం. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో అంటూ ఉండాలి, లేకపోతే పొగరనుకుంటారు. దానికి అవునని అర్థం ఉంది, వింటున్నానని ఉంది, తమరు చెప్పాక ఇక కాదనేదేముందని కూడా ఉంది. ఎప్పుడు ఏ అర్థమో మాకు గొంతును బట్టి తెలుస్తుంది. బయటివాళ్ళకి తెలియదు.

గంగరాజు కొబ్బరికాయల ఒలుపు కార్మికుడు. మలికిపురం చుట్టుపక్కల షావుకార్ల రాశుల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేశాడు. నేలలో పాతిన ఇనుప గునపం మీద కాయను గుచ్చి ఒక్క మెలి తిప్పితే పైనున్న పీచు డొక్క ఊడిపడేది. రోజుకి వెయ్యికాయలు దాటించేవాడు. మంచి నెలల్లో పదిహేను వేలు కళ్ళజూసేవాడు, ముసురు పట్టిన నెలల్లో అందులో సగం. ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడి ఎరగడు. రాశి దగ్గర కాయల లెక్క తక్కువ వేసినా ఆయ్ అని వచ్చేసేవాడు. భార్య వీరాయమ్మ వెళ్ళి దెబ్బలాడి మిగతా కూలి తెచ్చుకునేది.

నేను రాజోలులో దస్తావేజులు రాస్తాను. అందరూ రైటరుగారంటారు. నా చేతిరాత చూసి సబ్ రిజిస్ట్రార్లు మెచ్చుకున్న రోజులున్నాయి. ఇప్పుడన్నీ కంప్యూటరులో కొట్టడమే కాబట్టి ఆ చేతిరాత సంతకాలకే మిగిలింది. నాకు కోపం ఎక్కువ. ముందు తిట్టేసి తరవాత ఆలోచిస్తాను. ఈ వ్యవహారంలో నేను తిట్టని మనిషి లేడు, ఒక్కడు తప్ప. వాడి సంగతి కూడా వస్తుంది.

మూడేళ్ళ కిందట గాలివానకి గంగరాజు పెంకుటింటి వెనక గోడ కూలింది. ఉన్నది మూడు సెంట్ల స్థలం, దాని మీద ఆ ఇల్లు. అప్పుడు నాగసతీష్ వచ్చాడు. వీరాయమ్మకి అక్క కొడుకు. ఇళ్ళు తనఖా పెట్టుకుని అప్పులిచ్చే ఒక కంపెనీకి మనుషుల్ని చూపించి కమీషను తీసుకుంటాడు.

“గోడెందుకు బాబాయ్, స్లాబే వేసేసుకోండి. ఎనిమిది లక్షలు నేనిప్పిత్తాను,” అన్నాడు.

“నెలనెలా కట్టగలమంటావా?” అని వీరాయమ్మ అడిగింది.

“అది కంపెనీవోళ్ళు చూసుకుంటారు పిన్నీ. కట్టలేనోళ్ళకి వాళ్ళెందుకిత్తారు?”

ఈ మాట దగ్గరే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పడిపోయారు. మనకి తెలియకపోయినా ఇచ్చేవాడికి తెలియకుండా ఉంటుందా అనుకున్నారు. దీన్ని అమాయకత్వం అంటే నేనొప్పుకోను. కిళ్ళీకొట్టువాడు కూడా మొహం చూసే అరువిస్తాడు. ఎనిమిది లక్షలు ఇచ్చేవాడు చూడడా?

నాగసతీష్ గంగరాజు చేత ఉతికిన చొక్కా వేయించి, షావుకారుగారి కొబ్బరి రాశి ముందు నిలబెట్టి ఫోటో తీశాడు. ఫారంలో ‘కొబ్బరి వ్యాపారం, నెలకు నలభై ఎనిమిది వేలు’ అని నింపాడు. కంపెనీ తరఫున ఇంజనీరు వచ్చి టేపు పెట్టి స్థలం కొలిచాడు. వీరాయమ్మ ఇచ్చిన బొండం తాగి వెళ్ళాడు. నాలుగు రోజుల తరవాత హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి ఫోను చేసి ఏవో అడిగింది. ఆ తరవాత తనఖా దస్తావేజు కోసం నా దగ్గరికి వచ్చారు.

ఆ రోజు శుభముహూర్తాల రోజు. నా బల్ల ముందు పదిమంది నిలబడి ఉన్నారు. కంపెనీ పంపిన నమూనా పద్నాలుగు పేజీలు. గబగబా చదివాను. పేజీకొకసారి గంగరాజు ఆయ్ అన్నాడు. చివర్లో వీరాయమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని అడిగింది.

“మరి కట్టలేకపోతే ఏమవుద్దండి?”

“అదంతా అందులో రాసే ఉందమ్మా. ముందు వేలిముద్ర వెయ్యి,” అన్నాను.

రాసే ఉంది. తొమ్మిదో పేజీలో ఉంది. నేను చదివాను కూడా. ఆ భాష నా కడుపున పుట్టిన పిల్లలకే అర్థం కాదు. ఆఖరి పేజీలో నేను ముప్పై ఏళ్ళుగా రాస్తున్న వాక్యమే ఉంది: ‘చదివి వినిపించగా విని, అర్థము చేసుకొని, సమ్మతించి సంతకములు చేసినారు.’

నెలకి పదకొండు వేల రెండు వందల వాయిదా. పద్నాలుగు నెలలు తప్పకుండా కట్టారు. ఎలా కట్టారంటే, గంగరాజు ఆదివారాలు మానేశాడు, వీరాయమ్మ తెల్లవారకుండా లేచి కొబ్బరి ఈనెలు చీరి చీపుళ్ళు కట్టి అమ్మింది. స్లాబు పడింది, లోపల గచ్చు చెయ్యడానికి డబ్బు మిగల్లేదు. పదిహేనో నెలలో గంగరాజు కుడి అరచేతిలో గునపం దిగింది. నిద్ర చాలని మనిషి. గాయం మానింది గాని బొటనవేలు వంగలేదు. బొటనవేలి పట్టు లేని చేత్తో కాయ తిరగదు.

మూడు వాయిదాలు తప్పేసరికి ఫోన్లు మొదలయ్యాయి. ఆ తరవాత గోడ మీద నోటీసు అంటించారు. పేపర్లో గంగరాజు పేరు, ఇంటి సరిహద్దులతో సహా వేశారు. టీ కొట్టు దగ్గర అందరూ అదే మాట. మంచమున్నంత మేరే కాళ్ళు చాచుకోవాలి గదండి, ఒలుపు కూలివాడికి స్లాబేంటండి అని. నాకు ఒళ్ళు మండింది.

“ఆ మంచాన్ని కొలవడానికేగా టేపు పట్టుకుని కంపెనీవాడొచ్చాడు? మంచం కొలిచి, కాళ్ళు కొలవకుండా పోయినవాడిని ఏమనరేం?” అన్నాను.  నా టీ చల్లారిపోయింది.

ఆ ఊపులోనే గంగరాజునీ వీరాయమ్మనీ వెంటబెట్టుకుని అమలాపురంలో ఉన్న కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. మేనేజరుకి ముప్పై ఏళ్ళు నిండి ఉండవు. ఈ ప్రాంతంవాడు కాదు, మర్యాదస్తుడే. కుర్చీలు వేయించి మంచినీళ్ళు ఇప్పించాడు.

“నెలకి పదిహేను వేలు రాని మనిషికి పదకొండు వేల వాయిదా పెట్టారు. ఇది అప్పా, ఉరా?” అని అడిగాను.

“ఆదాయం నలభై ఎనిమిది వేలని ఆయనే చెప్పారు సార్. మోసపోయింది మేము,” అని కంప్యూటరు మీద ఏదో నొక్కాడు. “వినండి.”

అప్పుడు ఫోను చేసిన హైదరాబాదు అమ్మాయి గొంతు వినిపించింది, రికార్డు చేసి ఉంచారు. కొబ్బరి వ్యాపారం చేస్తుంటారు కదా సార్? ఆయ్, అన్నాడు గంగరాజు. నెలకి నలభై ఎనిమిది వేలు ఆదాయం? ఆయ్. ఇంకెక్కడా బాకీలు లేవు కదా? ఆయ్. షరతులన్నీ అర్థమయ్యాయి కదా సార్? ఆయ్.

 “ఆ గొంతు నాదేనండి,” అన్నాడు కుర్చీలో ఉన్న గంగరాజు, ఎవరూ అడక్కుండానే.

మేనేజరు ఆపబోయేలోపు అది ఇంకా నడిచింది. మీ షాపు పేరేంటి సార్, అని ఆ అమ్మాయి అడిగింది.  గంగరాజు అన్నాడు: “షాపంటే... షావుకారుగారి రాశండి. నేనక్కడ కాయలొలుత్తానండి.” సరే సార్, థాంక్యూ సార్, అని ఆమె పెట్టేసింది.

నేను బల్ల మీద చెయ్యి వేశాను. “మళ్ళీ వెయ్యండి. ఒలుస్తానన్నాడా లేదా? నాలుగు ఆయ్‌లు వినపడ్డాయి, ఈ ఒక్క మాట వినపడలేదా మీకు?”

మేనేజరు మొహం కాస్త మారింది. ఆ చివరి మాట అతనూ అప్పుడే విన్నాడనుకుంటాను. “ఆ అమ్మాయి ముందున్న గళ్ళలో టిక్కులు పెట్టడమే సార్ ఆమె పని,” అన్నాడు మెల్లగా.

“ఆయ్ అంటే అవునని కాదండి. వింటున్నానని,” అన్నాను.

“మరి కాదనాలంటే మీవాళ్ళు ఏమంటారు సార్?”

నోరు తెరిచాను. ఏమంటాం? చూద్దామండి అంటాం. తమ దయండి అంటాం.  నెలాఖరులోగా రెండు లక్షలు కడితే పైవాళ్ళతో మాట్లాడతానని మేనేజరు అన్నాడు. గంగరాజు లేచి, ఎడం చెయ్యి కుడిచేతి మీద వేసి దణ్ణం పెట్టి, మీకు ఇబ్బంది కలిగించేమండి అన్నాడు.

బస్టాండులో నాగసతీష్‌ని ఫోనులో తిట్టాను. వాడిప్పుడు సోలారు పలకలు అమ్ముతున్నాడట. “నాకొచ్చింది ఎనిమిది వేలండి రైటరుగారూ, అవీ అప్పుడే అయిపోయేయండి,” అన్నాడు. పెట్టేసి గంగరాజు మీద పడ్డాను.

“నలభై ఎనిమిది వేలని రాశాడని నీకు తెలుసా, తెలియదా?”

“తెలుసండి.” తల దించుకున్నాడు. “చదివి చెప్పేడండి. నవ్వొచ్చిందండి. ముప్పై ఏళ్ళు రాశి కింద కూర్చున్నానండి. ఫోటోలో రాశి ముందు నించోబెట్టి షావుకారన్నాడు. ఒక్క నిమిషం బాగుందండి.”

ఇదొక్కటే అతని తప్పయితే, ఇది తప్పే. నేను కాదనను. ఒక్క నిమిషం బాగున్నందుకు మూడు సెంట్లు పోవాలా అన్నదే నాకు మింగుడు పడలేదు. ఆ మాటే పైకి అన్నాను. అప్పటిదాకా నోరెత్తని వీరాయమ్మ నా వైపు చూసింది. కోపంగా కూడా లేదు.

“నేనడిగేనండి మిమ్మల్ని. కట్టలేకపోతే ఏమవుద్దని. రాసే ఉందన్నారు.”

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాం. రాజోలు దాకా నేను ఎవరినీ తిట్టలేదు.

రెండు లక్షలకి వీరాయమ్మ చెవిదిద్దులు, ఇంట్లో ఉన్న ఇత్తడి, నేనిచ్చిన పది వేలు కలిపి ముప్పై నాలుగు వేలయ్యాయి. పట్టుకెళ్ళి కట్టారు. అది జరిమానా వడ్డీ కింద జమ అయిందని రసీదు వచ్చింది. అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. అప్పుల తగాదాలు చూసే విశాఖపట్నం ట్రిబ్యునల్లో కేసు వేసుకోవచ్చన్నారు, వకీలుకి ముందు నలభై వేలు కావాలన్నారు. గంగరాజు ఎక్కడో గునపం అడిగి తెచ్చి పెరట్లో పాతాడు. ఎడంచేత్తో ఒలవడం నేర్చుకుంటున్నాడు. నేను వెళ్ళినప్పుడు చెమటలు కక్కుతూ, పొద్దున్నుంచి నలభై కాయలు ఒలిచేనండి అన్నాడు. అప్పటికి మధ్యాహ్నం రెండయింది. నాకు ఏడుపొచ్చింది, అతని ముందు ఏడవలేక పెరటి గుమ్మంలోంచి బయటికి వచ్చేశాను.

మొన్న వైశాఖంలో కోర్టు ఉత్తర్వుతో ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి వచ్చారు. కోర్టు నియమించిన వకీలుగారు, ఇద్దరు పోలీసులు, కంపెనీ మనుషులు. సామాన్లు బయట పెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. మంచం, గ్యాసు పొయ్యి, కట్టగా చీపుళ్ళు, ఎడంచేతి గునపం. గచ్చు లేని ఇంట్లోంచి మట్టి కాళ్ళతోనే బయటికి వచ్చారు ఇద్దరూ.

వకీలుగారు పంచనామా రాసి చదివి వినిపించారు. “సామాన్లన్నీ మీకు ముట్టాయి, ఎవరూ బలవంతం చేయలేదు, మీ ఇష్టంతోనే ఇల్లు అప్పగిస్తున్నారు. అంతేనా గంగరాజుగారూ?”

గంగరాజు పెదవులు కదిలాయి. ఏం రాబోతోందో నాకు తెలుసు.

“అనకు గంగరాజూ,” అన్నాను. “ఈ ఒక్కసారికి అనకు.”

అతను ఆగిపోయాడు. అతని బదులు వీరాయమ్మ చెప్పింది. “కాదండి. ఇష్టం లేదండి. మేం ఇవ్వట్లేదండి, మీరు తీసుకుంటున్నారు.”

మా ఊళ్ళో అంత స్పష్టంగా కాదన్న మాట నేనెప్పుడూ వినలేదు. వకీలుగారు ‘సంతకము చేయుటకు నిరాకరించినారు’ అని రాసుకున్నారు. తాళం వేశారు. లక్క కరిగించి సీలు వేశారు. ఆయ్ అన్నా అదే తాళం, కాదన్నా అదే తాళం.

కాగితం మీద సాక్షి సంతకం ఒకటి తక్కువైంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. వకీలుగారు నన్ను చూసి గుర్తుపట్టారు. “రైటరుగారూ, మీరు పెడతారా?”

“ఆయ్,” అన్నాను.

నా నోట్లోంచే వచ్చింది. అవునని కాదు. పెద్దమనిషి పలకరిస్తే పలికానంతే. కాని ఆయన అప్పటికే కాగితం నా వైపు తిప్పి పెన్ను చేతికిచ్చేశారు. నేను పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. వీరాయమ్మ చీపుళ్ళకట్ట మీద కూర్చుని నా చెయ్యినే చూస్తోంది. గంగరాజు దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

“పెట్టెయ్యండి రైటరుగారండి. పాపం ఆయన కూడా పొద్దుటి నుంచీ ఎండలో నించున్నారు.”

పెట్టాను. చేతిరాత ఎప్పటిలాగే బాగా కుదిరింది.