చిన్నమ్మ కోసం పెట్టిన పేజీ

మా చిన్నాయిన పోయిండు. ఈ పాటల పత్రికల ఏ పాట యాడ, ఏ బొమ్మ యాడ అని పేజీలన్నీ ఇన్నేండ్లూ తన చేత్తోనే పెట్టిన మనిషి పోయిన నెల ఒక ఆదివారం పొద్దున జనగామ దవాఖానల కన్నుమూసిండు. నేను మహబూబాబాద్ బస్టాండుల ఉండంగ మా చిన్నమ్మ ఫోన్ చేసి, "మీ చిన్నాయిన లేడు బిడ్డా" అని ఒక్క మాటే అన్నది. ఈ సంచిక ఆలస్యమైంది అందుకే. నడిమి పేజీ తప్ప ఆయన చెయ్యి పడకుండ పత్రిక మీ దగ్గరికి వస్తుంటే నాకు రాయబుద్ధి కూడ అయితలేదు.

నేను ఆయన అన్న బిడ్డను, ప్రూఫులు దిద్దేదాన్ని. మంచోడని రాస్తే సరిపోదు, ఆయన ఒట్టి కోపిష్టి. గొప్పలు చెప్పుకునుడు గూడ బాగనే ఉండేది. అట్ట మీద పసుపు రంగు, దాని మీద ఎర్రటి అక్షరాలు, నడుమ పాడెటోళ్ల మొహాలు. "జాతర లెక్క ఉన్నది గద చిన్నాయినా, జర తగ్గించు" అంటే, "జాతరకు జనం వస్తలేరా?" అనెటోడు. భూపాలపల్లికి పోతే పుస్తకాల దుకాణం పక్కన నిలబడి ఎవరు ఏ పేజీ కాడ ఆగుతున్నరో చూసెటోడు. తమ ఊరోళ్ల ఫోటో కనబడితే జనం ఆగుతరు, పల్లవి పెద్దగ కనబడితే పుస్తకం ఇంటికి తీసుకపోతరు, ఇది ఆయన లెక్క. ఒక పాట సగంల రెండో పేజీకి పోతే మాత్రం అస్సలు ఒప్పుకోకపోయెటోడు. "చెయ్యి హార్మోనియం మీదున్నోడు పేజీ ఎట్ల తిప్పుతడే? నువ్వు పోయి తిప్పుతవా?" అని నన్ను కసిరెటోడు.

ఒకసారి కొడకండ్ల దిక్కు భజనకు పోయినం. పాటల పుస్తకాల్ల లైను చివర '2' అని వేస్తరు గదా, రెండుసార్లు పాడాలని. మన పత్రిక ముందర పెట్టుకున్న పెద్దాయన లైను పాడి, రాగం తీసి, "రెండూ" అని గూడ పాడిండు. వెనక వంతపాటోళ్లు గూడ "రెండూ" అన్నరు. నాకు నవ్వాగలే. చిన్నాయిన గూడ నవ్విండు. ఇంటికొచ్చినంక మాత్రం "ముందల ఏముంటే అదే పాడిండు, ఆయనదేం తప్పు?" అన్నడు. అప్పటిసంది మన పత్రికల ఆ '2' లేదు. లైనే రెండుసార్లు అచ్చయితది.

ఇంత చేసిన మనిషికి ఒక్క కోరిక తీరలే. పిన్నులు విప్పి గోడకు అంటించుకునే నడిమి పేజీల మా చిన్నమ్మ పాట వెయ్యాలని ఆయన ఆశ. చిన్నమ్మ నాట్లల్ల పాడితే పక్క మడోళ్లు నడుము లేపి వినెటోళ్లు. ఎన్నిసార్లు అడిగినా ఆమె ఒప్పుకోకపోయేది. ఒకరోజు నా ముందరనే అన్నది: "నాకు చదువొస్తదా ఏంది? నా పాట నాకే చదువరాదు. ఇగ ఎవరి కోసం అచ్చేస్తవు?"

ఆ మాట ఆయనకు గట్టిగ తగిలింది. చిన్నమ్మకు చెప్పకుండ, అక్షరమే లేని పేజీ పెట్టుడు షురూ చేసిండు. చరణానికొక బొమ్మ. అత్తగారింట్ల ఉన్న ఆడపిల్లను అన్న వచ్చి తోలుకపోయే పాట అది. కోడిపుంజు, ఎడ్లబండి, చెరువు కట్ట, అన్న తలపాగ, అన్నీ పెన్సిలుతోని గీసిండు. ఆఖరి చరణంల ఇంటి కడప కాడ ఎదురుచూసే అవ్వ, ఆ పిల్ల తల్లి, ఉంటది. ఆ అవ్వకు చిన్నమ్మ తల్లి మొహమే రావాలని పట్టుబట్టిండు. ఆమె పోయి చాన ఏండ్లాయె, ఒక్క ఫోటో లేదు. "మీ అవ్వ ఎట్లుండే? ముక్కు నీ లెక్కనేనా?" అని అడుగుతుంటే చిన్నమ్మ ఎకసెక్కమనుకున్నది. "పోయిన మనిషితోని నీకేం పని?" అని లేచిపోయేది. "ఏదో ఒక మొహం గీయరాదూ" అని నేనంటే, "ఆమె గుర్తుపట్టకపోతే ఆ పేజీ ఎందుకే?" అన్నడు. ఇంతల మంచాన పడ్డడు, ఆ అవ్వ జాగ తెల్లగనే ఉండిపోయింది. అయ్యో చిన్నాయినా, ఎందుకడుగుతున్నవో ఆమెకు ఒక్క మాట చెప్తే ఏం పోతుండె?

దినాలైనంక ఆ పేజీ చిన్నమ్మ ముందర పెట్టి సంగతి చెప్పిన. చానసేపు ఏడ్చింది. "గిందుకని చెప్తే చెప్పకపోదునా బిడ్డా! మా అవ్వకు పెదవి కింద గదుమ మీద పచ్చబొట్టు చుక్క ఉండె" అన్నది. ఇంకెవరితోనన్న గీయిద్దామా అని అడిగితే వద్దన్నది, ఉన్నదున్నట్టే అచ్చెయ్యుమన్నది. అందుకే ఈ సంచిక నడిమి పేజీల కింద ఖాళీ ఉన్నది, అచ్చుతప్పు అనుకోకుండ్రి.

తర్వాత కండ్లు తుడుచుకొని పేజీ మీదికి వంగింది. కోడిపుంజు మీద వేలు పెట్టి సన్నగ పాట ఎత్తుకున్నది. వేలు బండి మీదికి జరిపింది, కట్ట మీదికి, తలపాగ మీదికి, ఒక్కో బొమ్మ కాడ ఒక్కో చరణం. చిన్నమ్మ పేజీ చూసి పాడుడు మేం ఎన్నడూ చూడలే. వేలు తెల్ల కాయితం మీదికి వచ్చింది. ఆఖరి చరణం మా ఇంట్ల అందరికీ వస్తది, చిన్నమ్మకు రాకనా! కాని పాడలే. వేలు అక్కడనే ఉంచి, "గీడిదాకనే పెట్టిండు" అన్నది.