మా వీధి నీలం టిన్నులు

మా ఊళ్ళో మనిషికి మనిషి ఎదురైతే భోజనం అయ్యిందా అని అడగడం ఎప్పుడు మానేశారో నాకు గుర్తు లేదు. ఇప్పుడు "నీది ఎంత?" అంటారు. ఏది ఎంత అని ఎవరూ తిరిగి అడగరు. క్రియాటినిన్. కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె. చదువుకున్న నాకే నాలుక తడబడే ఆ మాట, వేలిముద్ర వేసే ముసలమ్మల నోట్లో జీడిపిక్క అన్నంత తేలిగ్గా దొర్లుతుంది.

వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే కొబ్బరితోటల మధ్య మా ఊరు. కాశీబుగ్గలో రక్తపరీక్ష చేయించినప్పుడు మా అమ్మ అంకె ఉండాల్సిన దానికంటే కొంచెం పైన ఉందని తెలిసింది. అప్పటికి నేను టెక్కలిలో డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. "ఇప్పటికి భయం లేదు. మూణ్ణెల్లకోసారి చూపించండి. నీళ్ళు జాగ్రత్త" అన్నాడు డాక్టరు. ఏ నీళ్ళు, ఏం జాగ్రత్త అని అడగాలనుకున్నాను. మనసులో వాక్యం కూర్చుకుంటూ ఉండగానే తరవాతి పేషెంటును లోపలికి పిలిచేశారు. నా ప్రశ్నలన్నీ అలాగే ఇంటికి తిరిగి వచ్చి డైరీలో చేరతాయి.

నాన్న పలాసలో ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయన చెప్పి పెట్టడంతో మర్నాటి నుంచి మా ఇంటికి కూడా ఆటోలో నీలం టిన్ను రావడం మొదలైంది. ప్లాంటులో శుద్ధి చేసిన నీళ్ళు. పెరట్లో నుయ్యి ఉంది. అమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ నీళ్ళే తాగింది. టిన్ను నీళ్ళు మొదటిసారి తాగి, "ఇయ్యి నీల్లేటి? కడిగిన గ్లాసు నాకినట్టున్నాది" అంది. కానీ తాగింది. నాన్న ఎదురుగా ఉన్నాడు మరి.

ఆ నెలలోనే కాలేజీలో ప్రాజెక్టు చెయ్యమన్నారు. స్టాటిస్టిక్స్ తీసుకున్న వాళ్ళు ఊళ్ళో ఏదైనా ఒక విషయం మీద వివరాలు సేకరించి రాయాలి. నాకు వేరే విషయం తోచలేదు. ఏ నీళ్ళు తాగే ఇళ్ళలో జబ్బు ఎక్కువో చూద్దామనుకున్నాను. మిగతా వాళ్ళయితే ఇంటింటికీ వెళ్ళి అడిగేవారు. నాకు మా అత్త వరస అయ్యే పక్కింటావిడతో మాట్లాడటానికే గొంతు పెగలదు. అందుకని అడగకుండా చూశాను. పొద్దున్నే మా అరుగు మీద పుస్తకం పట్టుకుని కూచుంటే వీధి రెండు వైపులా కనిపిస్తుంది. ఏ అరుగు మీద నీలం టిన్ను ఉంది, ఏ ఇంట్లోంచి చేద గిలక చప్పుడు వస్తోంది, ఎవరింటి ముందుకు ఆస్పత్రికి వెళ్ళే ఆటో వచ్చి ఆగుతోంది. ఎవరింట్లో జబ్బు మనిషి ఉన్నదీ మా ఊళ్ళో ప్రత్యేకంగా కనుక్కోవక్కర్లేదు. పరిశీలన అనే పద్ధతి నా కోసమే కనిపెట్టారేమో అనిపించింది. ఎవరినీ కదపక్కర్లేదు, ఎవరి గుమ్మమూ ఎక్కక్కర్లేదు.

మూడు వారాలు చూసి, పట్టిక గీసి, చివర డైరీలో ఒక వాక్యం రాసుకున్నాను: "టిన్ను నీళ్ళు తాగే ఇళ్ళలోనే జబ్బు మనుషులు ఎక్కువ కనబడుతున్నారు." రాసి నేనే ఉలిక్కిపడ్డాను. కింద గీత కూడా గీశాను. గీత ఎందుకు గీశానో ఇప్పటికీ అర్థం కాదు. అది నేను కనిపెట్టిన మొదటి విషయం కనుక కాబోలు.

ఆ పట్టికను టెక్కలి తీసుకెళ్ళి మా స్టాటిస్టిక్స్ మేడమ్‌కి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూసింది.

"ఏమ్మా, ఈ ఇళ్ళకి టిన్ను ముందొచ్చిందా, జబ్బు ముందొచ్చిందా?"

మా ఇంటికే టిన్ను ఎప్పుడు వచ్చిందో తలుచుకుంటే చాలు. అమ్మ రక్తం రిపోర్టు వచ్చిన మర్నాడు. అందరి ఇళ్ళకీ అంతే. జబ్బు అని తెలిశాకనే టిన్ను తెప్పించుకున్నారు. నేను అరుగు మీద కూచుని, తోక చూసి అదే తల అనుకున్నాను.

"మందుబిళ్ళలున్న ఇంట్లోనే జ్వరాలు ఎక్కువుంటాయి. బిళ్ళల వల్ల జ్వరం వచ్చిందని రాస్తామా?" అంది మేడమ్. కోప్పడలేదు. "నువ్వు చేసింది పరిశీలన. ఎవరు ఏ నీళ్ళు తాగాలో వాళ్ళే ఎంచుకున్నారు, నువ్వు చూశావు. భయపడిన వాళ్ళు ఒకటి ఎంచుకుంటారు, పడని వాళ్ళు ఇంకోటి. ప్రయోగమైతే ఎంపిక వాళ్ళ చేతుల్లో ఉండదు. నీ చేతుల్లో కూడా ఉండకూడదు. చీటీ తియ్యాలి. ఏ చీటీ వస్తే ఆ ఇల్లు ఆ నీళ్ళు తాగాలి. అప్పుడు అన్ని రకాల వాళ్ళూ రెండు వైపులా కలిసిపోతారు. తరవాత తేడా వస్తే అది నీళ్ళ వల్ల అనుకోవచ్చు."

"అలా ఎవరైనా చేస్తారా మేడమ్?"

"అనుమానం ఉన్న నీళ్ళు తాగమని ఎవరికి చెప్తావమ్మా?"

"మరి ఎలా తెలుస్తుంది?"

"అందుకే తెలియడానికి అంతకాలం పడుతుంది" అని, గంట కొట్టడంతో లేచి వెళ్ళిపోయింది.

పలాసలో బస్సు మారి ఇంటికి చేరేదాకా అదే తిప్పుకుంటూ ఉన్నాను. పరిశీలిస్తే కారణం తేలదు. ప్రయోగం చేస్తే తేలుతుంది, కానీ చెయ్యకూడదు. మరి ఈ జబ్బుకు కారణం వెతుకుతూ మా ఊరికి ఇన్నేళ్ళుగా వచ్చి రక్తం, నీళ్ళు, మట్టి సీసాల్లో పట్టుకెళ్ళిన వాళ్ళంతా ఏం చేస్తున్నట్టు? వాళ్ళూ నాలాగే ఎక్కడో అరుగు మీద కూచుని ఉన్నారా?

ఇంటికి వచ్చి టిన్నులోంచి గ్లాసు నీళ్ళు వంచుకున్నాను. గ్లాసులో సన్నగా, గోధుమరంగులో ఏదో తేలింది. వేలితో తీసి చూశాను. కొబ్బరిపీచు. మా నూతి చేంతాడు కొబ్బరిపీచుదే. ప్లాంటులో చేంతాడు ఉండదు కదా. పెరట్లోకి వెళ్ళి చూస్తే తాడు తడిగా ఉంది. నీళ్ళు తాగి చూశాను. తియ్యగా ఉన్నాయి.

అమ్మ వంటింట్లో వంకాయలు తరుగుతోంది.

"అమ్మా, టిన్నులో నూతి నీల్లెందుకున్నాయి?"

కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. "నువ్వు రాసిందే కదే."

"ఏటి రాసాను?"

"కింద గీత కూడా గీసేవు. టిన్ను నీల్లు తాగినోల్లకే ఎక్కువని. సదువుకున్న గుంటవి, ఊరికే రాత్తావేటి? మీ నాన్నకి సెప్తే వినడు. అందుకే ఆ టిన్నులోని పారబోసి ఈ నీల్లు పోత్తన్నాను."

డైరీ చదివిందన్న కోపం రావాలి. రాలేదు. ఎవరినీ కదపకుండా చూశాననుకున్న నేను, రోజూ అమ్మ చేత నీళ్ళు మార్పించాను. నా పట్టికలో మా ఇల్లు 'టిన్ను' అన్న గడిలో ఉంది. అదీ తప్పే. ఇంకెన్ని ఇళ్ళ టిన్నుల్లో ఏ నీళ్ళున్నాయో.

కూచుని చెప్పాను. టిన్ను వల్ల జబ్బు కాదు, జబ్బు వల్ల టిన్ను అని. అమ్మ శ్రద్ధగా విన్నది.

"మరి ఆ ముక్క అక్కడ రాయలేదేం?"

"అప్పటికి నాకూ తెలీదు."

"సరే. నూతి నీల్ల వల్ల ఒచ్చిందని ఎవులు సెప్పారు?"

"ఎవరూ సెప్పలేదు."

"టిన్ను తాగితే తగ్గుద్దని?"

"అదీ ఎవరూ..."

"మరింకేటే!" అని వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వేసింది.

ఏది ఏమైనా టిన్ను నీళ్ళు తాగడమే మంచిదని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకో నిరూపించమంటే నా దగ్గర ఏమీ లేదు. భయం ఒక్కటే ఉంది. ఆ భయంతోనే తొందరపడి, మేడమ్ చెప్పినట్టు ప్రయోగం చేస్తేగానీ ఎవరికీ తెలియదని, చీటీలు వేసి ఇళ్ళు విడదీయాలని ఏదేదో చెప్పుకుపోయాను. ప్రయోగం అన్న మాట కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. పెరటి గోడ అవతలి నుంచి పక్కింటి అత్త తల కనిపించింది.

"ఓలమ్మో! ఎవులి మీద ప్రయోగం సేత్తావే గుంటా?"

మా వైపు ఎవరికైనా తిండి సయించకపోతే, పశువు పాలివ్వకపోతే 'ప్రయోగం చేశారు' అంటారు. అంటే చేతబడి. పుస్తకంలో ఆ మాట చదివినన్నాళ్ళూ నాకు తట్టనే లేదు.

"అది కాదత్తా, చదువులో..."

"ఇప్పుడు కాలేజీల్లో అదే నేర్పుతన్నారా! నోరు లేని పిల్లనుకున్నాను. పొద్దున్నే అరుగు మీద కూకుని నా గుమ్మం కేసి సూత్తే పుత్తకం సదూతంది అనుకున్నాను. నిమ్మకాయలేవే మరి?"

అమ్మ నవ్వు ఆపుకోలేక చీటీల సంగతి చెప్పింది. ఒక చీటీ వచ్చిన ఇల్లు టిన్ను, ఇంకోటి వచ్చిన ఇల్లు నుయ్యి అని. అత్త వేళాకోళం మానేసింది. ఆవిడ భర్తకు వారానికి రెండుసార్లు డయాలసిస్.

"నాకు నూతి సీటీ ఒచ్చిందనుకో. మీ మావకి ఆ నీల్లు నా సేత్తో పొయ్యమంటావా? నీ సీటీకి సెప్పు, ఆ పని నా వల్ల కాదు" అంది. కాస్త ఆగి, "అయినా ఇన్నాల్లూ పోసినయ్యి ఆ నీల్లే కదా" అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

అమ్మ వంకాయ కూర పొయ్యి మీదికి ఎక్కించింది. చివరికి అమ్మే అంది. "పోనీ మనింటికే ఏసెయ్. ఒకదాన్లో నుయ్యి రాయి, ఒకదాన్లో టిన్ను రాయి. ఏదొత్తే అదే తాగుతాను. మల్లీ నన్ను ఏటీ అనకండి, నువ్వూ మీ నాన్నా."

ఒక్క మనిషితో ప్రయోగం కాదని నాకు తెలుసు. పోల్చడానికి ఎవరూ ఉండరు. ఆ మాట చెప్పలేదు. గదిలోకి వెళ్ళి డైరీ చివరి కాగితం చింపి రెండు ముక్కలు చేశాను. మొదటి దాని మీద 'టిన్ను' అని రాశాను. రెండో ముక్క మీద 'ను' అనే అక్షరం దాకా వచ్చి పెన్ను ఆగిపోయింది. చీటీకి అమ్మ ఎవరో తెలియదు. అందుకే దాని మాట నమ్మవచ్చని మేడమ్ చెప్పింది. నాకు భయం వేసింది కూడా అందుకే. ఆ ముక్క నలిపి పడేసి, ఇంకో ముక్క చింపి, దాని మీద కూడా 'టిన్ను' అని రాసి మడిచాను.

చాటలో వేసి ఇచ్చాను. అమ్మ కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. విప్పి కూడబలుక్కున్నట్టు చదివింది. "టిన్ను." పెదవి విరిచింది. "సరే, ఇంకేటి సేత్తాం" అంటూ వెళ్ళి చేంతాడు చుట్టి దూలానికి తగిలించింది. నేను రెండో చీటీ తీసేద్దామని చాట దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ లేదు. గాలికి ఎగిరిపోయిందనుకున్నాను.

ఆ రోజు నుంచి అమ్మ టిన్ను నీళ్ళే తాగింది. నేను రోజూ గ్లాసు వెలుతురుకి పెట్టి చూసేదాన్ని. పీచు కనిపించలేదు. ప్రాజెక్టులో ఆ గీత గీసిన వాక్యం కొట్టేసి, ఏది ముందో తెలియదు కనుక ఏమీ చెప్పలేను అని రాసిచ్చాను. మేడమ్ దాని పక్కన టిక్కు పెట్టింది. ఏమీ చెప్పలేనన్నందుకు మార్కులు రావడం నాకు వింతగా ఉంది.

మూణ్ణెల్ల గడువు రోజున అమ్మను కాశీబుగ్గ తీసుకెళ్ళాను. అంకె పెరగలేదు, తగ్గలేదు. మొన్న ఎంతో ఇప్పుడూ అంతే. "మంచిదే" అన్నాడు డాక్టరు. దేనివల్ల మంచిదో ఈసారి కూడా అడగలేకపోయాను. టిన్ను వల్లనా? అమ్మ ఎండుచేప మానేసింది, దానివల్లనా? నొప్పుల బిళ్ళలు మానేసింది, అందువల్లనా? మధ్యలో తాగిన నూతి నీళ్ళ వల్ల ఏమీ కాలేదనా? లేక రాబోయేదేదో ఇంకా రాలేదా?

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు అమ్మది. జీడితోటలు దాటి కొబ్బరితోటలు మొదలయ్యాయి. అమ్మ రిపోర్టు కవరు ఒళ్ళో పెట్టుకుని బయటికే చూస్తోంది. ఉన్నట్టుండి చీర కొంగు ముడి విప్పి, నలిగిన చిన్న కాగితం ముక్క తీసి నా చేతిలో పెట్టింది. విప్పాను. నా రాతే. చాటలోంచి కనబడకుండా పోయిన రెండో చీటీ. 'టిన్ను.'

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఈ పాలి సీటీలు ఏత్తే" అంది అమ్మ, కిటికీలోంచి చూపు తిప్పకుండానే, "నాను రాత్తాను."

ఏం రాస్తుందో అడగలేదు. ఇంటికి రాగానే అమ్మ చెప్పులు విడిచి, నేరుగా వెళ్ళి టిన్ను వంచి గ్లాసు నింపుకుని తాగింది. చేంతాడు దూలం మీద ఎండిపోయి ఉంది.