బుచ్చిరాములు దించిన కాళ్లు

తవ్వే ట్రాక్టరుకు వెనక రెండు ఇనుప కాళ్లుంటాయి. అవి దిగి నేలను అదిమాకే బకెట్ చెయ్యి చాపాలి. లేకపోతే బండి తన బరువుకు తానే ఒరిగిపోతుంది. నాచారం బుచ్చిరాములుకు ఇది తెలియక కాదు. మూడేళ్ల కిందట లాలాపేట్‌లో ఒక పైపుగుంత దగ్గర మేస్త్రీ భూషణం వంగి అతని చెవిలో, "కాళ్లు దించుకుంట కూసుంటే పొద్దుగూకుతది, కానియ్యన్నా" అన్నాడు. బుచ్చిరాములు కానిచ్చాడు. బండి ఒరిగింది. గుంత అంచున పార పట్టుకున్న దయాకర్‌కు మోకాలి కింద కాలు పోయింది. దయాకర్ అతని బావమరిది, భార్య శారదమ్మకు ఒక్కడే తమ్ముడు.

దవాఖానా గుమ్మంలో భూషణం శారదమ్మతో అన్నాడు: "కల్లు తాగి బండెక్కిండక్కా."

అబద్ధానికి కాళ్లు దించే పని లేదు, ఎక్కడైనా నిలబడుతుంది. ఆనాటి నుంచి శారదమ్మ మొగుడికి అన్నం పెడుతుంది, మొహం చూడదు. బుచ్చిరాములు కడుపులో ఒక నిప్పు బూడిద కప్పుకుని పెరిగింది.

ఈ శ్రావణంలో భూషణమే ఫోన్ చేశాడు. చెంగిచెర్లలో తన కొత్తిల్లు, తెల్లారితే గృహప్రవేశం, మోరీ పైపు పగిలి మురుగు లోపలికి ఎక్కుతోంది. ఆ సందులో పెద్ద మిషన్ పట్టదు. ఉప్పల్ చుట్టుపక్కల ఖాళీగా దొరికింది బుచ్చిరాములు ట్రాక్టరే.

పెళ్లికి పోయినంత ఇష్టంగా పోయాడు.

ఇనుప కాళ్ల కింద చెక్కలు పరిచాడు. కాళ్లు దించాడు. బకెట్ తిరిగేంత మేర చుట్టూ తాడు కట్టాడు.

"గింత గుంతకు గీ పటాటోపమేందన్నా," అని నవ్వుతూ భూషణం తాడు దాటి వచ్చి, ఎక్కడ తవ్వాలో వేలితో చూపిస్తూ బకెట్ కిందే నిలబడ్డాడు.

బకెట్ ఇనుప పళ్ల నీడ అతని బట్టతల మీద వాలింది. బుచ్చిరాములు అరచేతిలో లివర్ ప్రాణమున్న పిట్టలా వెచ్చగా ఉంది. ఒక్క తోపు చాలు. కానీ చచ్చిన నోరు నిజం చెప్పదు. అతనికి కావలసింది ఆ నోరే.

బకెట్ నేలకు దించి, ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"తాడు బయటికి నడువ్."

భూషణం నడిచాడు. బుచ్చిరాములు దిగి, ఫోన్ కలిపి, స్పీకర్ ఆన్ చేసి అతని చేతిలో పెట్టాడు.

"శారద ఉన్నది లైన్ల. లాలాపేట్ల కాళ్లు దించనియ్యంది ఎవరో చెప్పు. నేను తాగిన్నో లేదో గది గూడ చెప్పు."

"ఇప్పుడెందుకన్నా గవన్నీ. చుట్టాలొచ్చే యాళ్ల."

"నాకైతే మస్తు టైమున్నది. నీ మోరీకే లేదు."

లోపలినుంచి భూషణం తల్లి శ్యామలమ్మ కేక వేసింది. "ఒరేయ్, నీళ్లు దేవుని పటాలున్న అర్ర కాడికొచ్చినయ్‌రా."

భూషణం గొంతు తగ్గించి, "నేనే దించనియ్యలేదక్కా. ఆయన తాగలే" అన్నాడు.

ఫోన్‌లోంచి శారదమ్మ అంది:

"ఇనవడలే. గట్టిగ చెప్పు."

ఆ గొంతు బుచ్చిరాములుకు తెలుసు. ఆమెకు ప్రతి అక్షరం వినబడింది. అతను బండెక్కి తాళంచెవి తిప్పాడు. ఇంజన్ మోతను దాటాలంటే భూషణం అరవక తప్పలేదు. "తాగలే అక్కా, నేనే అబద్ధం జెప్పిన." సందులో ఒక కిటికీ తెరుచుకుంది. ఇంకొకటి. ఫోన్‌లో ఆమె ఏమందో బుచ్చిరాములుకు వినిపించలేదు. భూషణం మాత్రం నుదురు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

బకెట్ నెమ్మదిగా మట్టిని తోడింది. దానికి తొందర లేదు.