గుడ్డు ఉందని రాసిన చీటీ

గాజువాక దాటాక ఉన్న మా గోడౌన్‌కు పైఊళ్ల నుంచి వైన్ సీసాలు లారీల్లో వస్తాయి. పోర్టు నుంచి ఓడల్లో వెళ్లిపోతాయి. మధ్యలో మా పని ఒకటే, ఏ దేశానికి వెళ్లే సీసాకు ఆ దేశం అడిగిన చీటీ అంటించడం. లోపలున్న వాటిలో కొందరి ఒంటికి పడనివి ఏమిటో ఆ చీటీ చెబుతుంది. వైన్ చెడిపోకుండా వేసే గంధకం పేరు దాదాపు అన్నిటి మీదా ఉంటుంది.

నారాయణమ్మ పిన్ని కూర్మన్నపాలెం నుంచి వచ్చేది. యాభై దాటిన మనిషి. చదువు రాదు. నేను ఎనిమిదిలో మానేసినా కూడబలుక్కుని ఇంగ్లీషు చదువుతాను కాబట్టి నా పక్కనే కూర్చునేది. ఆమె అంటించిన చీటీ ఒక్కటీ వంకర పోయేది కాదు.

మొన్న వేసవిలో యూరప్ వెళ్లే సీసాలకు గంధకం చీటీ కింద అంటించమని ఇంకో కొత్త చీటీ వచ్చింది. గుడ్డు కూడా ఉందని. చదివి చెబితే బల్ల చుట్టూ నవ్వులే.

"సారాలో గుడ్డేటే? ఆమ్లెట్టేసీసినారేటి?" అంది పిన్ని.

సూపర్‌వైజర్ భీమశంకరరావు గారు ఆగి చెప్పారు. వైన్ తేటపడడానికి తెల్లసొన వేస్తారట. గుడ్డు పడనివాళ్లకు దద్దుర్లు లేస్తాయట, పెదాలు వాస్తాయట, ఒక్కోసారి ఊపిరి ఆడదట.

పిన్ని నవ్వు ఆగిపోయింది. ఆ పూట అన్నం డబ్బా తెరవలేదు.

సాయంత్రం బస్సులో చెప్పింది. ఒక్కడే కొడుకు, మణికంఠ. నాలుగేళ్లవాడు. ఒంటి మీద దద్దుర్లు లేచినప్పుడల్లా అమ్మవారనుకుని వేపమండలు కట్టేది. అమ్మవారు ఒంట్లో ఉండగా మందు వెయ్యకూడదంటారు. తగ్గితే గుడ్లు పెడతానని మొక్కుకుంది. తగ్గింది. మొక్కు తీర్చి, ప్రసాదమని ఉడికిన గుడ్డు ఒలిచి వాడి నోట్లో పెట్టింది. ఇల్లు చేరేలోగా పెదాలు వాచాయి. తల్లికి ఇంకా కోపం తగ్గలేదనుకుని మళ్లీ వేపమండలే తెచ్చింది. పక్కింటివాళ్లు ఆటో తెస్తామంటే వద్దంది. దీపాలు పెట్టే వేళకు పోయాడు. ఇరవై రెండేళ్లయింది.

"సరిగ్గా సెప్పు సత్యా. గుడ్డు తింటే పేణం పోద్దని రాసుందా?"

గుడ్డు ఉందని మాత్రమే రాసి ఉందన్నాను. బాబుది వేరే జబ్బు అయి ఉండొచ్చని కూడా అన్నాను.

"నానే ఒలిసి పెట్టినాను" అంది కిటికీలోంచి చూస్తూ.

పది రోజులకు మరో దేశానికి సరుకు కట్టాల్సి వచ్చింది. వైన్ అదే, సీసా అదే. కానీ ఆ దేశం వాళ్లకు గంధకం చీటీ ఒక్కటే చాలు. గుడ్డు మాట రాయమని అడగరు. ఏనాడూ సారును నేరుగా ఏదీ అడగని పిన్ని భీమశంకరరావు గారి దగ్గరకు వెళ్లింది.

"ఆ దేశంలో పిల్లలకి గుడ్డు పడుద్దా బాబూ?"

పడనివాళ్లు అక్కడా ఉంటారని, వాళ్ల రూలు అడగదు అంతేనని ఆయన చెప్పారు. కాగితాల్లో లేని చీటీ అంటిస్తే సరుకు ఆపేస్తారు అన్నారు. పెట్టెలు మోస్తున్న ఎల్లాజీ, ఏమీ తెలియనివాడు, "పిల్లలు వైన్ తాగుతారేటి పిన్నీ, నీకెందుకు బెంగ?" అని ఎకసెక్కమాడాడు.

తర్వాత రెండు రోజులూ ఆమె యూరప్ సరుకులో మిగిలిన గుడ్డు చీటీల చుట్ట ఒళ్లో పెట్టుకుని, గంధకం చీటీ కింద ఒక్కొక్కటే అంటించడం చూశాను. నలభై పెట్టెలు. నేను ఎవరికీ చెప్పలేదు. ఆమెనూ ఆపలేదు.

లారీ ఎక్కించే ముందు తనిఖీలో బయటపడింది. భీమశంకరరావు గారు అరవలేదు. ఆమే ముందు కూర్చుని గీకేస్తే పైవాళ్లదాకా పోనివ్వనని, పని పోదని అన్నారు. వేడినీళ్లు, బ్లేడులు తెప్పించారు.

అందరం కూర్చున్నాం. పిన్ని ఒక సీసా తీసుకుని, గుడ్డన్న మాట ఎక్కడుందో చూపించమంది. వేలు పెట్టి చూపించాను. దాని మీద బ్లేడు ఆన్చింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"ఇది నా సేత్తో తియ్యలేనమ్మా."

బ్లేడు బల్ల మీద పెట్టి, సీసాను జాగ్రత్తగా పెట్టెలో నిలబెట్టి బయటికి నడిచింది. సారు రెండుసార్లు పిలిచారు. ఆగలేదు. మళ్లీ పనికి రాలేదు.

ఆమె వాటా సీసాలు నేనే గీకాను. సాయంత్రానికి ఒక్క గుడ్డు చీటీ కూడా మిగల్లేదు. లారీ పోర్టుకు వెళ్లిపోయింది.