తడి రంగు మీద దుమ్ము

ఉత్తరాదిన ఇందిరాపురంలో మా ఎదురు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే కాకినాడ అంకుల్‌కి దుమ్మంటే పడదు. కుర్రతనంలో పత్రికలో బొమ్మ చూసి ఆశపడ్డ ముక్కలు అతికించి రంగులేసుకునే డ్రాగ్ రేసు బొమ్మకార్ల కిట్లను కంపెనీ అవే పాత పెట్టెల్లో మళ్లీ విడుదల చేస్తోందని తెలిసి, రిటైరయ్యాక తెప్పించుకున్నారు. గోరంత స్టిక్కర్ అతికించేటప్పుడు, "ఊపిరి బిగబట్టమ్మా, ఎగిరిపోద్ది" అనేవారు. నేనూ బిగబట్టేదాన్ని.

ఒక జనవరి మధ్యాహ్నం వాళ్ల తలుపు సందులోంచి రంగులో కలిపే థిన్నర్ వాసన గుప్పున కొట్టింది. బెల్ కొడితే పలకలేదు. గడియ పెట్టకపోవడంతో తోసుకుని వెళ్లాను. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అంకుల్ గోడకు జారగిలబడి ఉన్నారు, కళ్లు తేలిపోయాయి. ఎర్రగా కాలుతున్న హీటర్‌కి జానెడు దూరంలో మూతలేని థిన్నర్ సీసా. సీసా అందుకుని, బాల్కనీ తలుపు తీసి బయట పెట్టాను. "భయ్యా, జల్దీ ఆయియే!" అని గార్డును కేకేశాను. ఇద్దరం ఆయన్ని బాల్కనీలోకి లాగాం.

కాసేపటికి కళ్లు తెరిచి, "తలుపు తియ్యకమ్మా, రంగు తడిగా ఉంది" అన్నారు.

"చచ్చిపోయారనుకున్నానంకుల్!" అని అరిచి, ఏడ్చేశాను.

ఆయన నా చేతుల వణుకు చూశారు. అప్పుడు ఆయన ముఖంలోకీ భయం వచ్చింది. గోడ పట్టుకుని లేచి, గదిలో కిటికీలు ఒక్కొక్కటే తనే తెరిచారు. రోడ్డు దుమ్ము లోపలికొచ్చి తడి ఆరని ఎర్రటి బొమ్మకారు మీద వాలుతుంటే, చూస్తూ నిలబడ్డారు.