మా వదిన, మా అన్న మోటారు సైకిలు

మా వదిన పోయింది. క్రిస్మస్‌కని ఇంటి ముందు నక్షత్రం కట్టించుకుంది. దాని కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. ఆ వేళకు నేను మైపాడు రేవులో ఎవరిదో పడవ ఇంజను చూస్తున్నాను. వదిన కూతురు ఫోను చేసి, "చిన్నాయనా, అమ్మ పలకడంలా" అన్నది. చేతుల గ్రీజు కూడా తుడుచుకోకుండా పరిగెత్తాను. అప్పటికే అయిపోయింది.

మమ్మల్ని ఓదార్చడానికి చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికలో నాలుగు మాటలు చెప్పమని పాస్టరుగారు నన్ను లేపారు. లేచి నిలబడ్డాను. సముద్రం మీద అలలను మించి అరిచి బతికిన గొంతు నాది. ఆ రోజు అందరి ముందు 'మా వదిన' అనే మాట దాటి ముందుకు పోలేదు. అట్లాగే కూర్చున్నాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

రాత నాకు సరిగా రాదు. వచ్చిన కాస్తా వదిన పెట్టిందే. ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చేనాటికి నాకు వేలిముద్రే గతి. "మీసాలొచ్చినాయి, బస్సు మీద ఊరి పేరు చదవలేవా? సిగ్గు లేదా అబ్బయా?" అని తిట్టి, పొయ్యి ముందు కూర్చోబెట్టి బూడిదలో అక్షరాలు దిద్దించింది. తప్పు రాస్తే పులుసులో చేప ముక్క తగ్గించేది. అందుకే తొందరగా వచ్చాయి.

మా అన్నకు ఒక మోటారు సైకిలు ఉండేది. దాని మీద చేపల బుట్టలు కట్టుకుని నెల్లూరికి పోయేవాడు. ఆదివారం బుట్టలు విప్పి, సీటు సబ్బుతో కడిగి, వదినను వెనక కూర్చోబెట్టుకుని చర్చికి తీసుకుపోయేవాడు. ఎంత కడిగినా వాసన పోయేది కాదు. "చర్చిలో ఆడోళ్లు నాకు దూరం జరగతారు, పిల్లులు దగ్గిరికొస్తాయి" అని నవ్వేది. పెళ్లయి ఈ ఊరికి వచ్చింది కూడా ఆ బండి మీదే.

అన్న పోయి చాలా ఏళ్లయింది. బండి వసారాలోనే ఉండిపోయింది. ఉప్పుగాలికి ఇక్కడ తలుపు గొళ్లేలు కూడా రాలిపోతాయి. వదిన మాత్రం ఆ బండికి నూనె గుడ్డ పెట్టి తుడవని వారం లేదు. పైన చిరిగిన వల కప్పేది. పాత ఇనుము కొనేవాడు వచ్చి బేరం పెడితే, "ముందు నన్ను తూకమెయ్యి, నేనూ పాతదాన్నే" అని తరిమింది. ఆమె మాటలు అట్లాగే ఉండేవి. "ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడతది, మనిషి పట్టకూడదు" అనేది. ముసలితనం వచ్చినా పట్టనివ్వలేదు.

మొన్న వానలు మొదలయ్యాక గుండె బలంగా లేదని డాక్టరు చెప్పాడు. ఆమె భయపడలేదు. నన్ను పిలిపించింది.

"అబ్బయా, సమాధుల పండక్కి నన్ను మీ అన్న దగ్గిరికి ఆ బండి మీద తీసకపో."

సమాధుల పండుగంటే మావాళ్లు పోయినవాళ్ల సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేసుకునే రోజు.

"ఆటోలో పోదాంలే వదినా" అన్నాను.

"ఆటోలో ఏటేటా పోతానే ఉండా. వచ్చే యేడు పండక్కి నేను పోయేదేంది? నన్నే మోసకపోయుంటారు."

సరేనన్నాను.

పడవ ఇంజన్లతో బతికినవాణ్ణి, మోటారు సైకిలు ఒక లెక్కా అనుకున్నాను. ట్యాంకు కడిగాను. కార్బురేటరు విప్పి ఊదాను. కొత్త ప్లగ్గు వేశాను. నిప్పురవ్వ పుట్టించే డబ్బాను ఊడదీసి శుభ్రం చేసి, పిస్టన్‌ను పైకి తెచ్చి, దానికి సరిపెట్టి బిగించాను. కిక్కు కొట్టాను. ఢామ్మని పేలింది. స్టార్టు కాలేదు. మళ్లీ కొట్టాను. మళ్లీ ఢాం. కార్బురేటరు నోట్లోంచి మంట తన్నుకొచ్చి నా మీసం ఒక పక్క కాలింది. పక్కింటి మేక తాడు తెంపుకుని పారిపోయింది.

వదిన గడపలో కూర్చుని చూస్తోంది. "బాగుచేస్తా ఉండావా, టపాకాయలు కాలస్తా ఉండావా అబ్బయా?"

"పెట్రోలుంది, నిప్పుంది, గాలుంది. దీనికింకేం రోగం?" అని బండిని ఒక తన్ను తన్నాను.

"తన్నబాక! మీ అన్న ఎప్పుడన్నా తన్నినాడా? ఇట్టా పేల్తే ప్లగ్గు పీకి ఆ బొక్కకు బొటనవేలు అడ్డం పెట్టేవోడు. కిక్కును నన్ను చేత్తో నొక్కమనేవోడు. గాలి వేలిని తోస్తాదో లేదో చూసేవోడు."

"అదెందుకు?"

"నాకేం తెలుసు? నొక్కమంటే నొక్కేదాన్ని. 'పైకొచ్చిందల్లా పనికొచ్చేది కాదే' అంటా ఉండేవోడు."

"నాడి పట్టుకుని చూసేదానికి నేను వైద్యుణ్ణి కాదు" అని లేచి వచ్చేశాను. నాకు కోపమొచ్చింది. మర్నాడు ఆ వైపు తొంగిచూడలేదు. సాయంత్రం వదిన కూతురు వచ్చి, "చిన్నాయనా, అమ్మ పొద్దున్నించి కిక్కు పక్కన స్టూలేసుకుని కూర్చోనుంది. అన్నం కూడా ఆణ్ణే తినింది. నువ్వొస్తేగానీ లెయ్యదంట" అన్నది. పండుగ నెత్తి మీదికొచ్చింది. పోయాను.

ప్లగ్గు తీసేస్తే ఆ కిక్కుకు బలం అక్కర్లేదు. వదిన రెండు చేతులతో మెల్లగా నొక్కింది. నేను వేలు పెట్టాను. పిస్టన్ పైకి వచ్చింది, వేలికి ఏమీ తగల్లేదు. "ఇంకోసారి నొక్కు వదినా" అన్నాను. ఈసారి గాలి వేలిని విసిరికొట్టింది. అప్పుడు తెలిసింది. ఈ ఇంజనులో పిస్టన్ ఒకసారి పొగ తోలడానికి పైకి వస్తుంది, ఇంకోసారి గాలిని నొక్కడానికి వస్తుంది. నిప్పు పడవలసింది నొక్కినప్పుడు. నేను పొగ తోలినప్పుడు పెట్టాను. అది నా తప్పని మాత్రం అనను. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ అనేదే ఉండదు. బతుకంతా దానితో గడిపినవాడికి ఆ అనుమానం ఎందుకొస్తుంది? డబ్బాను సగం చుట్టు తిప్పి బిగించాను. ప్లగ్గు వేసి కిక్కు కొట్టాను.

బండి అందుకుంది.

వదిన నవ్వుతుందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

పండుగ రోజు వాన తెరిపిచ్చింది. అయినా ఆమె చంకలో గొడుగు పెట్టుకుని వెనక కూర్చుని నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు. సమాధుల తోట గేటు దగ్గర జనం ప్రార్థనలో ఉన్నారు. అన్న సమాధి గేటు పక్కనే. ఇంజను ఆపబోయాను.

"ఆపబాక అబ్బయా. ఆయన్ను విననీ."

"ప్రార్థన జరగతా ఉంది వదినా."

"పాస్టరుగారికి నేను చెప్పుకుంటాలే. విననీ."

అందరూ తిరిగి చూశారు. పాస్టరుగారు చెయ్యి ఊపారు. నేను ఆపలేదు. వదిన దిగి, మా అన్న సమాధి దగ్గర నిలబడింది. ఏడవలేదు, పెదవులు కూడా కదపలేదు. పని మీద పోయినవాడు తిరిగొస్తున్న చప్పుడు వినబడితే వాకిట్లోకి వచ్చి నిలబడినట్టు నిలబడింది. ట్యాంకులో నేను పోయించింది కొంచెమే. అది అయిపోయి ఇంజను తనంతట తానే ఆగింది. అప్పుడు సముద్రం హోరు వినిపించింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది వదినా."

"సరే, పోదాం పా."

ఆటో పిలుస్తానంటే ఒప్పుకోలేదు. "దాన్ని ఒంటిగా తోసకపొమ్మని నిన్నొదిలేసి, నేను ఆటోలోనా?" అన్నది. ఆ నడకే ఆమెకు చేటు చేసిందని ఇప్పుడు కొందరు నా ముఖం మీదే అంటున్నారు. అననీ. ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే ఇంకొన్నాళ్లు ఉండేదేమో, నాకు తెలియదు. వదినకు ఏం కావాలో వదినకు తెలుసు. ఆమె అడిగింది నేను చేశాను. కానీ రేవులో ఏ ఇంజను స్టార్టయినా ఇప్పుడు నా చెయ్యి ఆగిపోతోంది.

ఆ రోజు ఇసుక మేటలు వేసిన రోడ్డు మీద నేను హ్యాండిలు పట్టుకుని తోస్తూ వచ్చాను. ఆమె సీటు మీద ఒక చెయ్యి వేసి పక్కనే నడిచింది. ఆయాసం వస్తే నిలబడేది. నేనూ నిలబడేవాణ్ణి. సగం దారిలో మళ్లీ చినుకులు మొదలయ్యాయి. వేడి తగ్గని ఇంజను మీద పడి ఒక్కొక్కటే చుయ్‌మంటున్నాయి. వదిన సీటు మీది చెయ్యి తీసి గొడుగు విప్పింది. తన తల మీద పట్టుకోలేదు, నా మీదా పట్టలేదు. ముందుకు వంగి ఇంజను మీద పట్టి, అట్లాగే తడుస్తూ నడిచింది.